మళ్లింపు సరే, మాట ఏదీ?

పొగమంచు కమ్మితే శంషాబాద్‌లో దిగాల్సిన విమానాన్ని గన్నవరానికో బెంగళూరుకో మళ్లిస్తారు. పైలట్‌ను తప్పుపట్టనక్కర్లేదు, అది ప్రాణాలు కాపాడే పనే. అయితే గల్ఫ్ నుంచి వచ్చే సిద్దిపేట కార్మికుడు ఎక్కడో సీటుకు బెల్టుతో కట్టేసినట్టు కూర్చుంటే, శంషాబాద్‌లో ఇంటోళ్లు తెచ్చిన కిరాయి కారుకు వెయిటింగ్ చార్జి పెరుగుతూనే ఉంటుంది. వాతావరణం మా చేతిలో లేదంటాయి విమాన సంస్థలు. నిజమే, అలాంటప్పుడు నష్టపరిహారం అక్కర్లేదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలూ అంటాయి. మరి మంచినీళ్ల సీసాకు, ఒక్క నిజమైన ప్రకటనకు కూడా మంచు అడ్డమేనా?

2024 జనవరిలో గోవా–ఢిల్లీ ఇండిగో విమానం ముంబైకి మళ్లితే, విసిగిన ప్రయాణికులు విమానాలు నిలిపే చోటే నేల మీద కూర్చుని భోంచేశారు. సంస్థకు 1.20 కోట్ల రూపాయల జరిమానా పడింది. ఆ సొమ్ము కింద కూర్చున్నవాళ్లకు కాదు, సర్కారుకే. (మంచు పడ్డా ఖజానాకు పంటే!) ప్రయాణికులకు ఓపిక లేదని ఇంకొందరి వాదన. 2023 అక్టోబరు దాకా రైలు కోసం ఎదురుచూసిన సిద్దిపేటకు ఓపిక పాఠాలా? విమానం ఎన్నింటికి కదుల్తదో చెప్పండి, చాలు.