పది నిమిషాలే సార్!

హైదరాబాదులో అద్దెకు దొరికే ప్రతి ఇల్లూ మెట్రో స్టేషనుకు పది నిమిషాల దూరంలోనే ఉంటుంది. ఈ సత్యాన్ని ఈ వ్యాసకర్తకు మియాపూర్‌లో మొదటి బ్రోకర్ బోధించాడు. రెండో బ్రోకరూ అదే చెప్పాడు. మూడో మనిషి కాస్త నిజాయితీపరుడు. "నడుసుకుంట పోతే పది నిమిషాలే సార్. బండి మీదైతే ఇంకింత ఎక్కువైతది, యూ టర్న్ దూరమున్నది" అన్నాడు.

2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో నడవడం మొదలైంది. అంతకు ముందు ఈ పది నిమిషాలు బస్టాపు ఖాతాలో ఉండేవి. మెట్రో రాగానే ఖాతా మారింది, దాంతోపాటు అద్దె మారింది. రైలు కూత వినపడని వీధుల్లో కూడా.

వ్యాసకర్తా, ఆయన శ్రీమతీ నాలుగు ఆదివారాలు తిరిగి పదిహేడు ఇళ్లు చూశారు. ఒక డబుల్ బెడ్‌రూములో రెండో గదిలో మంచం వేస్తే తలుపు పడదు, తలుపు వేస్తే మంచం పట్టదు. ఇంకోచోట వాస్తు పక్కాగా ఉంది కానీ, ఆ పక్కాతనం కోసం బాత్రూము తలుపు సరిగ్గా డైనింగ్ టేబుల్ ఎదుట తెరుచుకుంది. "పెంట్‌హౌస్" అనగానే శ్రీమతి ముఖం వెలిగింది. ఐదంతస్తులు ఎక్కి చూస్తే నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గది. గాలీ వెలుతురూ పుష్కలం. వాటితోపాటు మే నెల కూడా.

పద్దెనిమిదోది నచ్చింది. అయితే, తాము ఇంటికి నచ్చాలి కదా!

ఓనరు గారు రిటైర్డు ఉద్యోగి. కాఫీ ఇచ్చి మరీ మొదలుపెట్టారు. 1998లో సైబర్ టవర్స్ లేచినప్పుడు ఈ చుట్టుపక్కలంతా ఎలా రాళ్లూ ముళ్లకంపలుగా ఉండేదో, అప్పుడు స్థలం కొన్నందుకు బంధువులు తనను చూసి ఎలా నవ్వారో అరగంట చెప్పారు. ఆ నవ్వుకు వడ్డీ ఇప్పుడు అద్దెదారులు కడుతున్నారు. తర్వాత ప్రశ్నలు. ఎంతమంది ఉంటారు? ఊరి నుంచి చుట్టాలు ఎన్ని రోజులకొకసారి వస్తారు? రాత్రి ఎన్నింటికి గేటు తీయాలి? చివరికి, గొంతు కాస్త తగ్గించి, "ఏమిట్లు బాబూ మీరు?" ఈ చివరి ప్రశ్నకు జవాబు నచ్చక ఇల్లు దక్కనివాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ఇందులో నవ్వుకోవడానికేమీ లేదు. ఓనరు గారి భార్య మాత్రం సూటిగా వంటింటి దగ్గరికొచ్చారు: "ఆదివారం మాకు వాసన రాకూడదమ్మా." నాన్‌వెజ్ వద్దని అనలేదు, వాసనే వద్దన్నారు.

బ్రహ్మచారులయితే ఈ కాఫీ దాకా కూడా రాలేరు. పెళ్లాం లేనిదే ఇల్లివ్వనంటే కుర్రాళ్లలో ఒకడికి చీర కట్టి కాపురానికి దించిన 'చిత్రం భళారే విచిత్రం' సినిమా వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. అందులో నరేష్ పడ్డ పాట్లకు హాలంతా నవ్వింది. ఆ నవ్విన ప్రేక్షకుల్లో కొందరు ఇప్పుడు ఓనర్లయి, టు-లెట్ బోర్డు కింద "ఫ్యామిలీస్ ఓన్లీ" అని రాయిస్తున్నారు.

ఇక డబ్బు. అద్దె 24,000. రెండు నెలల అడ్వాన్సు 48,000. బ్రోకరుకు ఒక నెల అద్దె. మెయింటెనెన్సు 3,000. మొత్తం 99,000. ట్రాలీ ఆటో, పాలు పొంగించడానికి కొత్త గిన్నె కలిపితే లక్ష దాటింది. పాలు పొంగడం ఒక్కటే ఉచితంగా జరిగింది. బెంగళూరులో ఉన్న బావమరిది ఫోన్‌లో పకపకా నవ్వాడు. తనను పది నెలల అడ్వాన్సు అడిగారట. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలలు మించకూడదంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అమలు.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకని వ్యాసకర్త అమాయకంగా అడిగాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి, దానికి ఫీజులు, ఆఫీసు చుట్టూ తిరుగుడు. అందుకని దేశం మొత్తం పన్నెండో నెలను పక్కనపెట్టి కాపురం చేస్తోంది. సరే, పాన్ నంబరు ఇమ్మన్నాడు. ఏడాది అద్దె లక్ష దాటితే, ఇంటి అద్దె మినహాయింపు కావాలన్నవాడు ఓనరు పాన్ ఆఫీసులో ఇవ్వాలి. అప్పటిదాకా కొడుకులా చూసుకున్న ఓనరు గారు అద్దాలు తుడుచుకున్నారు. "మనుషుల మధ్య నమ్మకం ఉండాలి బాబూ, నంబర్లు ఎందుకు?" అన్నారు. కరెంటు మీటరు నంబరు, తాళాల నంబర్లు, అడ్వాన్సు నోట్ల లెక్క మాత్రం రెండుసార్లు సరిచూసుకున్నారు.

మొదటి మూడు నెలలు హాయిగా గడిచాయి. మార్చిలో బోరు ఎండింది. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని చెప్పారు గానీ, ఎంతసేపు వస్తాయో చెప్పలేదు. ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్సులోకి రాదని అప్పుడు తెలిసింది. ఏది వస్తుందని అడిగితే, వాచ్‌మన్ జీతం, మెట్ల లైటు అన్నారు. మెట్ల లైటు వెలగడం లేదు. మోటారు మోత వినగానే లేచి బకెట్లు పట్టే విద్యలో మాత్రం శ్రీమతి, పక్క పోర్షనావిడను దాటిపోయింది.

పదో నెలలో ఓనరు గారే పైకొచ్చారు, ఈసారి కాఫీ లేకుండా. పది శాతం పెంచితే 26,400 అవుతుంది, చిల్లర గోలెందుకు, 27,000 చేద్దాం అన్నారు. వ్యాసకర్త ఖాళీ చేస్తానన్నాడు. అలాగే అన్నారాయన. పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకుని, మిగిలిన అడ్వాన్సు కొత్తవాళ్లు దిగగానే ఇస్తానన్నారు. కొత్తవాళ్లు దిగగానే.

ఆ ఆదివారం గేటుకు టు-లెట్ బోర్డు వేలాడింది. సాయంత్రం ఓ కుర్ర జంట హెల్మెట్లు చేత్తో పట్టుకుని వచ్చింది. ఓనరు గారు గుడికెళ్లారు, తాళాలు వ్యాసకర్త దగ్గరున్నాయి. హాలు చూపించాడు, పూజగది చూపించాడు, ఎండిన బోరు వైపు మాత్రం వెళ్లనివ్వలేదు. బాల్కనీలో నిలబడి ఆ అమ్మాయి అడిగింది:

"మెట్రో ఎంత దూరం అంకుల్?"

వ్యాసకర్త ఒకసారి గొంతు సవరించుకున్నాడు. ఇరవై నాలుగు వేలు కళ్లముందు ఆడుతున్నాయి.

"పది నిమిషాలేనమ్మా," అన్నాడు.