అన్నీ నీవే, తల్లీ

భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, ఆ సొమ్ము లెక్క గోల్కొండ సర్కారుకు అప్పజెప్పలేక బందీఖానాలో పడ్డ కంచర్ల గోపన్న, రాముణ్ణి ఎంత కొలిచాడో అంత నిలదీశాడు. దివిసీమ శ్రీకాకుళంలో కాసుల పురుషోత్తమ కవి ఆంధ్ర మహావిష్ణువును ఒక శతకం పొడుగునా పొగుడుతూనే నిందించాడు. ఆ చనువు వాళ్లకు భక్తి ఇచ్చింది. బొగ్గుబాయి జీతంతో కొన్న బియ్యం తిని గోదావరిఖనిలో పెరిగినవాణ్ణి, నాకూ ఆ చనువుంది. కాబట్టి సింగరేణి తల్లీ, ఇవాళ నిన్ను స్తుతిస్తాను. ఇందులో ఒక్క మాటా అబద్ధం ఉండదు.

ఢిల్లీ మాకు దూరం. హైదరాబాదు కూడా రైలెక్కితే గానీ అందదు. ఖనిలో సర్కారు అంటే జీఎం ఆఫీసు, బాయి గేటు, ఏరియా ఆస్పత్రి, క్వార్టర్ల వరస. ఇక్కడివాళ్లు ‘కంపెనీ’ అన్నా ‘సర్కారు’ అన్నా వేలు నీవైపే చూపుతుంది.

నీ వంశం పెద్దది. 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న నీకు ఇప్పటి పేరు వచ్చింది. 1945లో నిజాం సర్కారు నీ వాటాలు కొన్న నాటి నుంచి జెండాలు మారాయి, రాష్ట్రాలు మారాయి గానీ నీ మీద సర్కారు పట్టు మాత్రం సడలలేదు. ఇప్పుడు నీలో 51 పాళ్లు తెలంగాణవి, 49 పాళ్లు కేంద్రానివి.

నీ పెట్టుపోతల్లో లోటు లేదు. మా నాయిన మొదటి షిఫ్టుకు పోయే రోజుల్లో తెల్లవారకముందే ఇంట్లో వెలిగే లైటు నీది, నల్లా నీది, తలమీది కప్పు నీది. బాయి దగ్గర ల్యాంప్ రూములో తన నంబరు బిళ్ల ఇచ్చి క్యాప్ ల్యాంపు తీసుకునేవాడు. పైకొచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకునేవాడు. షిఫ్టు అయిపోయినా కొక్కేనికి ఒక బిళ్ల మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు లెక్క. చిన్నప్పుడు ఒకసారి ఆ బిళ్లను చేతిలోకి తీసుకుని చూశాను. అంచులు అరిగి, చెమటకు నునుపెక్కి, మధ్యలో అంకెలు మాత్రం లోతుగా ఉన్నాయి. పేరు ఎక్కడా లేదు. మా ఇంట్లో తిండి, బడి, మందు, పెళ్లి అన్నీ ఆ అంకెల మీదనే నడిచాయి.

బతుకుకు కావలసినదంతా ఒక్క చేతినుంచే అందినవాడు ఆ చేతిని కాదనే బలం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాడు? ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద 1981లో మావాళ్లు 56 రోజులు బాయి దిగలేదు. ఆ రోజుల గురించి పెద్దలు చెబుతుంటే విన్నాను. పనిచ్చేవాడూ ఇంటి యజమానీ డాక్టరూ ఒకరే అయినప్పుడు సమ్మె అంటే పొయ్యి మీది గిన్నెతో సహా పందెం కాయడమే. అయినా కాశారు. వాళ్లకు నా దండం.

కొలువుల సంగతికి వస్తాను, నా గుండెలో ఎక్కువ మెదిలేది అదే. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇవాళ నలభై వేల దగ్గరికి వచ్చారు. బొగ్గు మాత్రం పెరిగింది, 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. ఉన్న కొద్ది కొలువుల కోసం ఊరంతా ఎదురుచూపే. వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. 2016లో మళ్లీ ఇస్తామని ప్రకటించారు, 2017లో హైకోర్టు కొట్టేసింది. చివరికి కారుణ్య నియామకాల దారి మిగిలింది. తండ్రి పోవాలి, లేదా మెడికల్ బోర్డు ఆయన్ను అన్‌ఫిట్ అనాలి. అప్పుడే కొడుక్కి కొలువు.

ఖనిలో ఏ చాయ్ హోటల్ దగ్గర నిలబడినా ఈ మాటలు వినపడతాయి:

“మీ నాయిన బోర్డుకు పోయిండా?”

“పోయిండు. ఫిట్ అన్నరట.”

“అయ్యో. మళ్ల పెట్టుకోరాదుండ్రి?”

ముప్పై ఏళ్లు దుమ్ము మింగిన మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు చెబితే, ఆ ఇంట్లో ‘అయ్యో’ అనే మాట పుట్టింది. ఆ కొడుకు చెడ్డవాడు కాదు, తండ్రిని ప్రేమించేవాడే. తండ్రి ఊపిరితిత్తులకూ కొడుకు బువ్వకూ మధ్య నువ్వు తప్ప ఇంకో దారి లేకుండా నిలబడ్డావు తల్లీ. సర్కారు చేయి ఎంత లోపలికి రాగలదో చూడాలంటే ఆ చాయ్ హోటల్ దగ్గరికి రావాలి.

నేల మీద నీకున్న అధికారం ఏ ప్రైవేటు కంపెనీకీ లేదు. బొగ్గు భూముల కోసం 1957లో ఢిల్లీ ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. గెజిట్‌లో ప్రకటన వచ్చాక అభ్యంతరం చెప్పుకోవడానికి ముప్పై రోజులు. తుది ప్రకటన వెలువడితే భూమి, దాని మీది హక్కులు సర్కారుకు సంక్రమిస్తాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే నష్టపోయే కుటుంబాల్లో నూటికి ఎనభై ఒప్పుకోవాలి. సర్కారు తన సొంతానికి తీసుకుంటే ఆ ఒప్పుదల అక్కర్లేదు. ఎవరి బలం ఎక్కువో వాళ్లనే ఎక్కువ అడగాలి కదా, చట్టం ఉల్టా నిలబడింది. ఖని చుట్టూ ఇప్పుడు కనిపించే గుట్టల్లో చాలావాటిని దేవుడు పెట్టలేదు. ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీదున్న మట్టిని ఎత్తిపోస్తే లేచిన ఓబీ గుట్టలవి. ఆ మట్టిలో ఊళ్ల చెలకలు ఉన్నాయి, పొలం గట్లు ఉన్నాయి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే దగ్గరి ఊళ్లలో గోడమీది దేవుడి పటం కదులుతుంది. ఆ ఇంటి ముసలమ్మ పటాన్ని సరిచేసి మళ్లీ తన పనిలో పడుతుంది.

నీ రెస్క్యూ వాళ్ల ధైర్యానికి మనసారా చేతులెత్తి మొక్కుతాను. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలితే వాళ్లూ ఆ బురదలోకి దిగారు. కానీ 2003 జూన్ 16న జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు విరుచుకుపడి 17 మంది పైకి రాలేదు. 2020 జూన్ 2న, రాష్ట్రం పుట్టినరోజునాడు, రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడుకు నలుగురు కాంట్రాక్టు కార్మికులు పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. గనుల భద్రతను తనిఖీ చేసే డీజీఎంఎస్ కేంద్రానిది. నీలో 49 పాళ్లూ కేంద్రానివే. తనిఖీకి వచ్చేవాళ్లలో నిజాయితీపరులున్నారు, కాదనను. కానీ తప్పు పట్టవలసిన ఇల్లూ తప్పు పట్టే ఇల్లూ ఒకే వాకిట్లో ఉంటే, నిజాయితీ ఒక్కదాని మీదే 17 కుటుంబాలు ఆధారపడవలసి వస్తుంది.

లాభాలు పంచడంలో నీది మంచి మనసు. 2023-24 లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకని పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకన్నారు. తలకు సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి తలా ఐదు వేలు ఇచ్చారు, అది శుభం. పక్కన పెట్టింది ఎంత, దేనికి అని నిర్ణయించినప్పుడు ఆ బొగ్గు తీసినవాళ్లను ఎవరూ అడగలేదు. వాటా ఎంతో చెప్పింది హైదరాబాదులో ముఖ్యమంత్రి. బొగ్గు కొనే పెద్దవాళ్లలో రాష్ట్ర సర్కారు విద్యుత్ సంస్థ ఒకటి. రాష్ట్ర విద్యుత్ సంస్థలు నీకు వేల కోట్లు బాకీ. సొంత కొడుకు అప్పు తీర్చకపోతే తల్లి పంచాయితీ పెట్టదు. ఆ బాకీ భారం మాత్రం మా కాలనీ రోడ్ల మీద పడుతుంది, ఆస్పత్రిలో లేని డాక్టరు కుర్చీ మీద పడుతుంది.

ఇక బొగ్గు బ్లాకుల వేలం సంగతి. కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కళ్యాణిఖని బ్లాకులను ఢిల్లీ వేలానికి పెట్టినప్పుడు 2021 డిసెంబర్ 9 నుంచి 11 దాకా మావాళ్లు మూడు రోజులు సమ్మె చేశారు. 2022 నవంబర్ 12న ప్రధాని రామగుండం వచ్చి, 51 శాతం రాష్ట్రానిది అయినప్పుడు కేంద్రం సింగరేణిని ఎట్లా అమ్ముతుందని అన్నారు. రాష్ట్రాన్ని అడిగితే వేలం వేసేది కేంద్రం అంటారు. ఇద్దరు చెప్పేదీ కాగితం మీద నిజమే. ఇంత పెద్ద అధికారం, అడిగినప్పుడు మాత్రం ఎవరి దగ్గరా దొరకదు. నేను నిన్ను ప్రైవేటువాడికి ఇవ్వమనడం లేదు, ఆ పని చేస్తే అడ్డం పడేవాళ్లలో నేనూ ఉంటాను. నిన్ను తనిఖీ చేసేవాడు నీవాడు కాకూడదని, మా భూమికి ధర కట్టేవాడు ఆ భూమి కావలసినవాడు కాకూడదని, కార్మికుల గుర్తింపు సంఘం ఎన్నికప్పుడు గేట్ మీటింగుల్లో మంత్రుల కార్లు ఉండకూడదని మాత్రమే అంటున్నాను.

ఓపెన్‌కాస్టు పక్క ఊరిలో ఒక రైతుకు బోరు ఎండిపోయిందనుకో. అర్జీ రాయించుకుని సోమవారం పెద్దపల్లి కలెక్టరేట్ ప్రజావాణికి పోతాడు. అక్కడ మర్యాదగా కూర్చోబెడతారు, అర్జీ తీసుకుంటారు, రసీదు ఇస్తారు. అర్జీ మీద ‘తగు చర్యకై’ అని రాసి, సంబంధిత శాఖకు పంపుతారు. సంబంధిత శాఖ అంటే జీఎం ఆఫీసే. ఎవరి మీద చెప్పుకున్నాడో వాళ్ల టేబుల్ మీదికే ఆ కాగితం చేరుతుంది. రైతు ఆ రసీదును మడిచి, పాసుపుస్తకం మధ్యలో పెట్టుకుని, ఊరి బస్సు కోసం నిలబడతాడు.