కిలోమీటరుకి పది రూపాయలు

భద్రాచలంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాళ్లలో గుడి అర్చకులకీ, తొలి బస్సు డ్రైవర్లకీ జీతమొస్తుంది. పరుగు మాస్టారికి రాదు సరికదా, ఆయనే ఎదురు పెట్టుకుంటాడు. ఇలాంటివాళ్లు ఈమధ్య ఊరికొకరు తయారయ్యారు. ఖమ్మంలో అయితే లకారం ట్యాంక్‌బండ్ మీద చుట్లు కొడుతుంటారు. మా శాల్తీ గోదావరి కరకట్ట మీద దొరుకుతాడు. ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతాడు. యాభైకి దగ్గర పడ్డ వయసు, పాతికేళ్ల కుర్రాడికి కుట్టిన నిక్కరు, చేతికి ఓ గడియారం. ఆ గడియారంలో టైము చూడగా నేనెప్పుడూ చూళ్లేదు. గుండె ఎంత కొట్టుకుంటోందో మాత్రం అడక్కుండానే చెబుతాడు.

కారణం మంచిదే, అందుకే ఎవరూ కాదనలేరు. తలసేమియా పిల్లల కోసం పరిగెడతాడు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఆ జబ్బు పేరు వినని ఊరు తక్కువ. వాళ్ల ఒంట్లో రక్తం సరిగా తయారవ్వదు, రెండు మూడు వారాలకోసారి ఎక్కించాలి. ఎక్కించిన కొద్దీ ఇనుము పేరుకుంటుంది, దాన్ని దించడానికి మళ్లీ మందులు. కూలి మానుకుని, బిడ్డను చంకనేసుకుని, రెండు ఆటోలు మారి ఆసుపత్రికి రావాలి. ఆ దారి ఖర్చులకన్నా పనికొస్తుందని మాస్టారు కిలోమీటరుకి పది రూపాయల లెక్కన దాతల్ని కుదుర్చుకున్నాడు.

ఒప్పుకున్నవాళ్లలో మొదటివాడు ఆయన బావమరిది. ఖమ్మం మిర్చి మార్కెట్లో కమీషన్ వ్యాపారం. ఏదో ఫంక్షన్లో మటన్ బాగా కుదిరిన పూట, 'రాస్కో బావా, కిలోమీటరుకి పది' అన్నాడు. బావ రెండ్రోజులు ఉరికి మూడో రోజు దుప్పటి ముసుగేస్తాడని అతని అంచనా. మార్కెట్ అంచనాలు తప్పడం అతనికి కొత్తేమీ కాదు కానీ, ఈసారి మరీ ఘోరంగా తప్పింది. రోజుకి ఎనిమిది కిలోమీటర్లకి తగ్గకుండా, నెలకి తక్కువలో తక్కువ రెండువేల నాలుగొందలు. ఇప్పుడు వారానికోసారి ఫోన్ చేసి, 'అక్కా, బావ మోకాళ్లు జాగ్రత్త. ఆ వయసులో అరిగితే మళ్లీ రావు' అంటాడు. తమ్ముడికి బావ మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని మాస్టారి భార్య మొదట్లో మురిసిపోయింది కూడా.

కిరాణా కొట్టు సేటుదీ అదే వరస. 'ఎండలు ముదిరినయ్ సారూ, కాస్త తగ్గించి ఉరకండి' అంటాడు. ఇంకో దాత మరీ గట్టివాడు. మాస్టారి దారి ఎటపాక వైపు పోతుంది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాక భద్రాచలం వీధి చివర రాష్ట్రం మారిపోతుంది కదా! ఆ పెద్దమనిషి నెలాఖరున లెక్క చూసి, 'నేను తెలంగాణ కిలోమీటర్లకే ఒప్పుకున్నా మాస్టారూ' అన్నాడు. విభజన సమస్యలు ఇంకా తేలలేదంటే ఏమో అనుకునేవాణ్ణి.

విరాళాలు పోగుచేయడం ఈ గడ్డకి కొత్త కాదు. నేలకొండపల్లి గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి రాముడికి గుడి కట్టించి, ఆ డబ్బు లెక్కల దగ్గరే గోల్కొండ చెరసాలకి పోయి రామదాసయ్యాడు. ఏ నగకి ఎంతయిందో దేవుడికే కీర్తనలో అప్పజెప్పాడు. మాస్టారింట్లో లెక్కల బాధ్యత ఆవిడది. కూతురు వాడగా మిగిలిన లాంగ్ నోట్‌బుక్కులో ఎడంపేజీ వసూళ్లు, కుడిపేజీ ఖర్చులు. షూ రెండు జతలు. మోకాలి పట్టీలు. అరటిపళ్లు, గుడ్లు, నొప్పుల మందు. 'కుక్క కరిచినందుకు ఇంజక్షన్లు – ఉచితం. ఆటో – 120.' బావమరిది పేజీలో 'బాకీ' అన్న మాట మాత్రం ఎర్ర ఇంకుతో ఉంటుంది, తమ్ముడైనా సరే.

'విరాళంలోంచి పైసా ముట్టలేదు. షూ నా జీతంలోంచే కొన్నా' అంటాడాయన.

'అందుకే రాస్తున్నా' అంటుందావిడ.

గోల్కొండ ప్రభువు తానీషా బాకీని రాముడే వచ్చి తీర్చాడంటారు. షూ బాకీకి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఆవిడ ఏఎన్ఎం. టీకాల డబ్బా భుజానేసుకుని వాగులు దాటి గూడేలకి పోయే మనిషి. పొద్దున్నే బయల్దేరాలి. సరిగ్గా అప్పుడే మాస్టారు తిరిగొచ్చి గడప మీద మడమ ఆనించి పిక్కలు సాగదీస్తాడు. ఆ కాలు దాటే కొడుకు ట్యూషన్‌కి పోవాలి, కూతురు స్కూలు వ్యానెక్కాలి, పాలవాడు గిన్నెలో పాలు పోయాలి. 'గంట పనే కదా' అంటాడు. ఆయన గంట రాత్రి తొమ్మిదికే మొదలవుతుంది. టీవీ బంద్, లైట్లు బంద్, చుట్టాలొస్తే వాళ్ల మాటలూ బంద్. ఆదివారం 'లాంగ్ రన్'. అంటే ఇరవై కిలోమీటర్లు పరిగెత్తొచ్చి సాయంత్రం దాకా పడుకోవడం. ఆ పూట ఇంట్లోవాళ్లు మునివేళ్ల మీద నడుస్తారు. ఆ నడకకి కిలోమీటరుకి ఇంతని ఎవరూ ఇవ్వరు.

హాల్లో టెర్రీ ఫాక్స్ ఫొటో వేలాడుతుంటుంది. క్యాన్సర్‌తో ఒక కాలు పోయిన కుర్రాడు, 1980లో కృత్రిమ కాలితో కెనడా అడ్డంగా పరిగెత్తడం మొదలెట్టి, జబ్బు తిరగబెట్టి ఆగేలోపు 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పూర్తిచేశాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా మాస్టారి గొంతు పూడుకుపోతుంది. ఆవిడ కూడా కళ్లు తుడుచుకుని, 'ఆ అబ్బాయికి పెళ్లి కాలేదుగా' అంటుంది. ఆవిడకి నచ్చినవాడు ఇంగ్లండు తాత టామ్ మూర్. 2020లో నూరేళ్లు నిండబోతుండగా వాకర్ పట్టుకుని సొంత పెరట్లోనే వంద చుట్లు నడిచి, మూడు కోట్ల పౌండ్ల పైచిలుకు పోగేశాడు. 'మీరూ పెరట్లోనే తిరగండి. స్టవ్ మీద పాలూ కనిపిస్తాయి' అంటుంది. మాస్టారికి ఆ తాత ప్రస్తావన గిట్టదు.

ఊళ్లో జరిపే 2కె రన్ అంటే ఆయనకి మహా చులకన. రెండు కిలోమీటర్లు నడిచి, మూడు కిలోమీటర్ల పొడవు ఫొటోలు దిగుతారంటాడు. తానూ పోతాడనుకోండి, టీషర్టు ఇస్తారు.

నన్నడిగితే మాస్టారు నిజంగా పనికొచ్చేది పరుగులో కాదు, పెళ్లిచూపుల్లో. తల్లిదండ్రులిద్దరూ తలసేమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బొచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఇద్దరూ వాహకులయ్యే ముప్పు ఇంకా ఎక్కువ. అందుకని ఎవరింట తాంబూలాలు మార్చుకుంటున్నా వెళ్లి, కాఫీ కప్పు పట్టుకుని, 'హెచ్‌బిఎ2 పరీక్ష చేయించారా?' అని అడుగుతాడు. పెళ్లివారు అదేదో కట్నం తాలూకు కాగితం కాబోలనుకుని మొహాలు చూసుకుంటారు. ఇప్పుడు చాలామంది ఆయనకి శుభలేఖ పెళ్లయ్యాక పంపుతున్నారు.

2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకొచ్చి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మాస్టారికి పునరావాస కేంద్రంలో డ్యూటీ పడింది. పరుగు మాత్రం ఆగితే ఎలా? చీకటితో లేచి, జనం పడుకున్న బడి వరండాలో మొదలెట్టాడు. మాస్టారు ఉరకడం చూసి ఒకాయన కరకట్ట తెగిందనుకున్నాడు. చాపలు చుట్టేశారు, పిల్లల్ని లేపేశారు, సగంమంది మేడెక్కేశారు. అప్పుడో ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, 'భయపడకు నాయనా, నీళ్లు ఇందాకా రావులే' అని ధైర్యం చెప్పింది.

ఇప్పపూల కాలంలో ఇంకో చిక్కు. రాత్రి రాలిన పూలు ఏరుకోవడానికి కోయ ఆడవాళ్లు తెల్లారకముందే చెట్ల కిందికొస్తారు. ఒకామె గంప దించి, వెనకెవరైనా ఉన్నారేమోనని దారి వంక చాలాసేపు చూసి, 'ఎవరు తరుముతున్నారు సారూ?' అంది. పిల్లల కోసమన్నాడు. 'మరి పిల్లల దగ్గరికి పోకుండా అడివిలోకి పోతున్నవేంది?' అంది. ఆ రోజు పరుగు ఆరు కిలోమీటర్లకే ఆగింది. బావమరిదికి అరవై రూపాయలే పడింది.

మొన్న ఎండల్లో రక్తం కొరత వస్తే మాస్టారు శిబిరం పెట్టించి, మొదటి మంచం తనే ఎక్కాడు. ఒక రోజు పరుగులు, బరువులు వద్దన్నాడు డాక్టరు. ఆ కబురు సాయంత్రానికల్లా ఖమ్మం చేరింది.

'అక్కా, రక్తమిస్తే ఉరకగూడదంటగా?'

'ఒక్క రోజేరా.'

'ఎన్నాళ్లకోసారి ఇయ్యొచ్చు?'

'మగాళ్లయితే మూణ్ణెల్లకోసారి.'

'అంటే ఏడాదికి నాలుగు రోజులేనా!' అన్నాడు, తేజ మిర్చి ధర పడిపోయిన రోజు గొంతుతో.

'నువ్వూ వచ్చి ఇవ్వరాదురా?'

'నేనెందుకక్కా,' అన్నాడు బావమరిది, 'నేను ఉరకట్లేదు గదా.'