లెక్కకు రాని గోతాం

నా దగ్గరికి రాగానే తుమ్ములొస్తే నన్ను తిట్టకండి. ఆ ఘాటు నాది కాదు, నేను మోసిన తేజ రకం మిరపకాయలది. ఉతికినా పోదు. అసలు గోతాన్ని ఉతికేదెవరు!

నేను పుట్టింది విజయనగరం వైపు ఒక జ్యూట్ మిల్లులో. మీరు పచ్చడి నూరుకునే గోంగూరకు దగ్గరి చుట్టం గోగు. ఆ కట్టెను చెరువులో ఊరబెట్టి తీసిన నార కొంత, బెంగాల్ జనపనార కొంత కలిపి నన్ను నేశారు. నా బరువు 580 గ్రాములు, మోయాల్సింది 50 కిలోలు. 500 గోతాలు ఒక బేలుగా బిగించి లారీ ఎక్కించారు. మిల్లు ముచ్చట అంతే.

నన్ను కొన్నది సర్కారు. ముచ్చటపడి కాదు, చట్టం ఉంది కాబట్టి. నార పండించే రైతు, మిల్లు కార్మికుడు బతకాలని 1987లో కేంద్రం ఆ చట్టం చేసింది. దాని ప్రకారం కొన్నేళ్లుగా ఆహార ధాన్యాలన్నీ, పంచదారలో 20 శాతం జనపనార సంచుల్లోనే నింపాలన్నది నిబంధన. నా ఒంటిమీద సీజను, సంస్థ పేరు అచ్చేశారు. ఇక నేనూ గవర్నమెంటు మనిషినే అనుకుని మురిసిపోయాను.

ఆ మురిపెం మొదటి మోతతోనే తీరిపోయింది. రైసు మిల్లు నుంచి గోడౌనుకు, అక్కడి నుంచి పల్నాటి పల్లెలో రేషన్ డిపోకు చేరాను. కార్డుదారులకు బియ్యం తూచి ఇచ్చాక నన్ను దులిపి మూలకు విసిరారు. ఒకసారి వాడిన గోతాలను వెనక్కి తీసుకుని ధాన్యం కొనుగోలుకు వాడాలన్న ఉత్తర్వులు లేకపోలేదు. మా కోసం మాత్రం ఎవరూ రాలేదు. మా మీద రేకు కారేది. కిందివాళ్లు చెమ్మకు నల్లబడి, చేత్తో లాగితే పోగులు పోగులుగా ఊడొచ్చారు. నా అడుగు మూల ఎలుకలు కొరికాయి. బియ్యం గింజ దొరకదని తెలిశాక కూడా కొరికాయి, అలవాటు మరి!

అదే సీజన్లో కృష్ణా పడమటి డెల్టాలో కోతలయ్యాయి. గోతాలు లేవు, కాటా వేయలేమని కొనుగోలు కేంద్రం ముందు రైతులను ఆపారట. రోడ్డు పక్క రాశులు మంచుకు తడుస్తుంటే, సాయంత్రానికి పట్టాలు కప్పి పొద్దున్నే తీసి ఎండబెట్టుకోవడమే వాళ్ల పని. అక్కడ గోతాల కరువు, ఇక్కడ మేం కుప్పలుగా కుళ్లిపోవడం. ఈ రెంటినీ కలిపి చూసే కళ్లద్దాలు ఏ ఆఫీసులోనూ ఉన్నట్టు లేవు.

2020 లాక్‌డౌన్‌లో బెంగాల్ మిల్లులు మూతపడి గోతాలు చాలకపోతే, ప్లాస్టిక్ సంచులకు కేంద్రం సడలింపు ఇచ్చింది. దూరాన మిల్లు ఆగితే ఇక్కడ ధాన్యానికి సంచి కరువన్నమాట. ఒకప్పుడు గుంటూరులోనే జ్యూట్ మిల్లు ఉండేది, మూతపడింది. ఉత్తరాంధ్రలో గోగు వేసే రైతులు చాలామంది మొక్కజొన్నకు మళ్లారు. దగ్గర్లో ఉన్నదాన్ని అవసరం లేనప్పుడు నిలబెట్టుకోకపోతే, అవసరమొచ్చినప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

నన్ను బతికించింది పాత గోతాల వ్యాపారి. అతని కొట్టులో ఓ ముసలమ్మ నన్ను ఒళ్లో పరుచుకుని, ఎలుక కొరికిన మూలకు మరో గోతాం ముక్క వేసి, దబ్బనంతో పురికొస లాగి కుట్టింది. కుట్టు వంకరే గానీ గట్టిది. అలా గుంటూరు మిర్చి యార్డులో టిక్కీనయ్యాను, అంటే మిరప బస్తానన్నమాట.

అక్కడ నా దర్జా చూడాలి! హమాలీ కొక్కెం దిగినా చిరగలేదు. కోల్డ్ స్టోరేజీలో బస్తాల నెట్టు కింద నెలల తరబడి పడున్నా ఓర్చుకున్నాను. నాకు గాలాడుతుంది, లోపలి చెమ్మ బయటికి పోతుంది. ప్లాస్టిక్ సంచిలో కాయ చెమటపడుతుంది. పైగా దాన్ని నెట్టు కడితే జారుతుంది.

ఆ ప్లాస్టిక్ సంచి పత్తిచేలో చేసే పని ఇంకా ఘోరం. పత్తి తీసి నింపే ఎరువు బస్తా ఎండకు చివికి, దాని పోగులు పత్తిలో కలుస్తాయి. జిన్నింగులో పోవు, నూలు వడికినా పోవు. గుడ్డకు రంగేసినప్పుడు రంగు పట్టక తెల్లగా బయటపడతాయి. అలాగని పత్తికి నేనూ పనికిరాను, నా నార కలిసినా తంటాయే. అక్కడ నూలుగుడ్డ సంచే సరి.

ఇప్పుడు చిరిగిపోయి, ఓ కొత్త ఆఫీసు స్లాబు మీద తడిపి పరిచిన పట్టాగా ఉన్నాను. కాంక్రీటుకు నీటి చెమ్మ నిలపడం నా డ్యూటీ. చివరికి ఏ పాదు మొదట్లోనో వేస్తే మట్టిలో కలిసిపోతాను. ఆ ఎరువు బస్తాకు ఆ భాగ్యం కూడా లేదు.

టెండర్లు తెరిచే అయ్యలారా, ప్లాస్టిక్ సంచి చవక అంటారు. అది ఒక్క మోతకు చూసే ధర. నేను బియ్యం మోశాను, మిరప మోశాను, స్లాబు తడిపాను. నా ధరను అన్ని పనులకూ పంచి చూడండి. దగ్గరి మిల్లులో కొనండి, కొన్నవాటిని తిరిగి రాబట్టండి. డిపోకు వెళ్లిన గోతాలెన్ని, తిరిగొచ్చినవెన్ని అని రిజిస్టరులో ఒక్క గడి గీయండి. కిలో బియ్యం తరుగొస్తే సంజాయిషీ అడిగే మీకు అదేమంత కష్టం కాదు.