విశేషణ బహిష్కారము

2014వ సంవత్సరము మార్చి మాసమున అమెరికా దేశమున ఒక విశేషణమునకు బహిష్కారశిక్ష విధింపబడినది. ఆ అపరాధి పేరు 'బాసీ'. అడుగకయే ఆజ్ఞలు జారీచేసి ఎదుటివారిపై పెత్తనము చెలాయించువారిని ఎత్తిపొడుచుటకు ఆంగ్లభాషలో వాడుకలోనున్న ఈ పొట్టిపదము, చొరవ చూపిన బాలుని విడిచి బాలికకు మాత్రమే అంటుకొనుచున్నదనియు, అందువలన ఆడపిల్లలు నలుగురిలో నోరువిప్పుటకు జంకుచున్నారనియు, ఫేస్‌బుక్ సంస్థలో అప్పటి ఉన్నతాధికారిణియైన షెరిల్ శాండ్‌బర్గ్ గారు బాలికా స్కౌట్ల సంస్థతో కూడి చాటించిరి. గాయని బియాన్సే మొదలు మాజీ విదేశాంగమంత్రి కాండొలీజా రైస్ వరకు పలువురు వంతపాడిరి.

రోగనిర్ణయము సరియైనదే. చికిత్సయే చిత్రము! బెల్లపుదిమ్మను మూతలేక విడిచి, వాలిన ఈగ నొక్కదానిని తోలి, వంటయిల్లు శుభ్రపడినదని సంబరపడినట్లున్నది.

మే మాసముననే రెండవ ఈగ వాలినది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక కార్యనిర్వాహక సంపాదకత్వము వహించిన తొలి మహిళ జిల్ ఏబ్రమ్సన్ పదవి పోయినప్పుడు, ఆమె తన జీతమును గూర్చి పైవారిని నిలదీయుటచే 'పుషీ' (చొచ్చుకొనివచ్చునది) యను ముద్ర బలపడియుండవచ్చునని ఒక వారపత్రిక వ్రాసెను. జీతమున వివక్ష లేదని యాజమాన్యమువారు ఖండించిరి. ఆగస్టులో మూడవది: ఉద్యోగుల పనితీరును గూర్చిన 248 సమీక్షలను పరిశీలింపగా 'అబ్రేసివ్' (కటువైన) అను మాట 17 మారులు కనబడెననియు, అన్నియు స్త్రీలను గూర్చినవేననియు ఫార్చ్యూన్ పత్రికలో వెలువడినది.

నిజమునకు ఇట్టి పదములు భాషకు అక్కరయే. సభలో ఇతరులను నోరెత్తనీయని అధ్యక్షుని, పెండ్లియింట వంటవానికి ఉప్పుపాళ్ళు నేర్పబూను మేనమామను మరేమని పిలుతుము? పంపకములో పక్షపాతమునకు పదమేమి చేయును?

ఈ పక్షపాతము ఎంత సూక్ష్మముగా తూచునో ఆన్ హాప్కిన్స్ వ్యవహారమున కాననగును. 1982లో ప్రైస్ వాటర్‌హౌస్ అను లెక్కల సంస్థలో భాగస్వామ్యమునకు ప్రతిపాదింపబడిన 88 మందిలో ఆమె యొక్కతెయే స్త్రీ. విదేశాంగశాఖనుండి రెండున్నర కోట్ల డాలర్ల పనిని సాధించుటలో ముఖ్యపాత్ర వహించినది. పురుషునియందు భుజము తట్టదగిన ఆ పట్టుదలయే ఆమెయందు కొందరికి 'అగ్రెసివ్'గా, అనగా దూకుడుగా, తోచినది. ఒకరు ఆమెను మగరాయుడనిరి (మన యూళ్ళ మాట అట్లాంటిక్ నెప్పుడు దాటెనో!), మరియొకరు మర్యాదలు నేర్పు బడికి పంపుడనిరి, హితవు కోరిన పెద్దయొకరు నడకయందును మాటయందును స్త్రీత్వ ముట్టిపడవలెననియు, ముఖమునకు రంగులద్దుకొని, జుట్టు తీర్చి, నగలు పెట్టుకొనవలెననియు బోధించెను. కోట్ల డాలర్ల పని తెచ్చిన ఉద్యోగినికి లోటెల్ల లోలాకులదేనన్నమాట!

భాగస్వామ్యము దక్కక ఆమె దావా వేయగా, ఉద్యోగమునకు దూకుడు కావలెననుచు, స్త్రీకి దూకుడు కూడదనుచు ఆమెను రెండువిధముల బంధించుట చెల్లదని 1989లో అమెరికా సుప్రీంకోర్టు తప్పుపట్టినది. మరుసటియేడు క్రింది న్యాయస్థానమువారు ఆమెను భాగస్వామిగా చేర్చుకొనుడని ఆజ్ఞాపించిరి. నగలను గూర్చి ఆజ్ఞ ఏదియు లేదు.