సైలెన్సర్ నట్టుకు తైలాభిషేకం

తుప్పు గురించి బస్తర్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బైలదిల్లా కొండలు దాదాపు ఆ సరుకుతోనే తయారయ్యాయి. అక్కడ తవ్వే హెమటైట్ అంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసిన ఖనిజం. మన సైలెన్సర్ నట్టు మీద పేరుకునే ఎర్రపొడిలోనూ ఉన్నది ఆ రెండే, కాస్త నీళ్లు ఎక్కువ. 1968 నుంచి ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ఆ కొండల్ని తవ్వుతోంది. జపాన్ సాయంతో వేసిన కొత్తవలస-కిరందుల్ (కేకే) రైలు లైన్ మీద, అరకు సొరంగాల్లోంచి విశాఖ రేవుకు దింపి, ఓడలకెక్కించి ఆ జపాన్‌కే ఖనిజాన్ని పంపింది. 2023 అక్టోబర్ 3న జగ్‌దల్‌పూర్ పక్కన నగర్‌నార్‌లో ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారాన్ని కూడా జాతికి అంకితం చేశారు. కొలిమిలో అంత బొగ్గు తగలేసి ఇనుము నుంచి ఆక్సిజన్‌ని విడగొట్టే విద్య ఇక్కడికి వచ్చేసింది. ఆ రెండూ మళ్లీ కలవకుండా చూసే విద్య మాత్రం వాటర్ సర్వీసింగ్ షాపులో డీజిల్ గన్ దగ్గరే ఆగిపోయింది.

జగ్‌దల్‌పూర్‌లో, గీదంలో, సుక్మాలో, కుంటలో, వంతెనలు దాటి మన భద్రాచలంలో, ఎక్కడైనా తంతు ఒకటే. బండికి నురగ పట్టిస్తారు, నీళ్లు కొడతారు, గాలి కొడతారు. ఆ తర్వాత అసలు పూజ. ఇంజన్ మీద, దాన్నుంచి సైలెన్సర్‌కు పోయే బెండు పైపు మీద, సైలెన్సర్ బోల్టుల మీద డీజిల్ స్ప్రే. భక్తి మరీ ఎక్కువైన చోట పాత బ్రష్షుతో వేస్టాయిల్ పూత. పైగా ఒక అభయహస్తం: "ఏడాది దాకా జంగు పట్టదు భయ్యా." బండి నల్లగా నిగనిగలాడుతుంది. యజమాని కళ్లు అంతకంటే నిగనిగలాడతాయి.

డీజిల్ 180 నుంచి 360 డిగ్రీల మధ్య మరిగి ఆవిరైపోయే ద్రవం. బండి నడుస్తుంటే బెండు పైపు మొదట్లో వేడి వందల డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి ఆ ఏడాది గ్యారంటీ ఇంద్రావతి వంతెన దాటేలోపే పొగై లేచిపోతుంది. వెనక కూర్చున్న ఆవిడ ముక్కు మూసుకుంటే, నడిపే పెద్దమనిషి "తుప్పు కాలిపోతోంది, ఏం కాదు" అని ధైర్యం చెబుతాడు. కాలగా మిగిలిన జిడ్డు ఊరికే ఉండదు, దారిలో దుమ్మునంతా పిలిచి కూర్చోబెడుతుంది. బచేలి, కిరందుల్ దారిలో ఆ దుమ్ములో ఖనిజం పొడి కూడా ఉంటుంది. అంటే తుప్పు రాకుండా ఉండటానికి మనం నట్టుకు తుప్పునే జిగురుతో అంటిస్తున్నాం. వానాకాలంలో ఆ మడ్డి తడిగుడ్డ చుట్టినట్టు నట్టును పట్టుకుని నీటిని వదలదు.

వేస్టాయిల్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. పది నిమిషాల క్రితం అదే మెకానిక్ దాన్ని ఇంజన్‌లోంచి దించుతూ "చూశారా, ఎంత నల్లబడిందో! ఇంకొన్నాళ్లు ఉంచితే ఇంజన్ పోయేది" అని భయపెట్టాడు. నిజమే చెప్పాడు. వాడిన ఆయిల్‌లో మసి, నీటి చెమ్మ, ఆమ్లాలు చేరతాయి. లోపల విషమైనది బయట బ్రష్షుకు అంటగానే ఔషధం ఎలా అయిందో ఏ ఆయుర్వేదమూ చెప్పలేదు.

అన్నట్టు, డీజిల్ గన్‌కు గురి ఉండదు. ఆ తుంపర బ్రేక్ డిస్క్ మీద కూడా పడుతుంది. ఆ బండి మీద కేశ్‌కాల్ ఘాట్ మలుపులు దిగే ధీరులకు నా నమస్కారం. నట్టు క్షేమం, మనిషి దైవాధీనం.

అసలు తుప్పు ఎక్కడ మొదలవుతుంది? మనకు కనబడే నట్టు నెత్తి మీద కాదు, మరల మధ్య. సిలిండర్ హెడ్ అల్యూమినియం, దాంట్లో బిగించిన, సైలెన్సర్ నట్టు ఎక్కే స్టడ్ ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బండి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రెండిటి మధ్య సందు కదిలి, చెమ్మ లోపలికి దూరుతుంది. నట్టుకు వేసిన పల్చటి జింకు పూత ఆ వేడికి ఎన్నాళ్లో ఆగదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య అంత జాగా లేదు కనుక నట్టూ స్టడ్డూ ఒకదానికొకటి కరుచుకుపోతాయి. అప్పుడు మెకానిక్ పానాకు గొట్టం తొడిగి, కాలు ఆనించి, ఊపిరి బిగించి ఒక్క గుంజు గుంజుతాడు. 'టక్'మని స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. ఇక హెడ్ విప్పాలి, లేత్ షాపుకు పోవాలి, డ్రిల్ కొట్టి కొత్త మర వేయించాలి. పైన రాసిన డీజిల్‌లో ఒక్క చుక్క కూడా ఆ లోపలి మరల దాకా చేరలేదు.

నీళ్లు బయటి నుంచే వస్తాయనుకోవడం ఇంకో అమాయకత్వం. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరిగా. దూరం వెళితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఇంటి నుంచి పాన్ డబ్బా దాకా, అక్కడి నుంచి ఇంటి దాకా తిరిగే బండిలో సైలెన్సర్ వేడెక్కక ముందే ఇంజన్ ఆగుతుంది, నీళ్లు లోపలే ఉండిపోతాయి. అవి కారిపోవడానికి చాలా సైలెన్సర్లకు అడుగున చిన్న రంధ్రం పెడతారు. దాన్ని "లీకేజీ" అని కనిపెట్టి ఎంసీల్‌తో మూసేసే పండితులూ మన మధ్యే ఉన్నారు.

చదువుకున్నవాళ్ల మూఢనమ్మకాలు వేరు, కాస్త ఖరీదైనవి. ఒకటి స్టెయిన్‌లెస్ బోల్టు. "ఎస్‌ఎస్ వేయించేశా, ఇక జన్మలో చూడక్కర్లేదు." స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్‌ను పొడిగా బిగిస్తే ఒత్తిడికి పైపొర చిరిగి, రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. తుప్పు పట్టదు, విప్పడానికీ రాదు. జన్మలో చూడక్కర్లేదన్నది ఆ లెక్కన నిజమే. రెండోది డబ్ల్యూడీ-40. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ నీటిని తరిమికొట్టే రసాయనంగా దాన్ని తయారుచేసింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా అది వాడారు. "క్షిపణికే పనిచేసింది, మన బండికి చేయదా?" అని వాదన. బిగుసుకున్న నట్టును విప్పే ముందు కొడితే బాగానే పనిచేస్తుంది. కాలే పైపు మీద కాపలా కాయమంటే డీజిల్ దారే పడుతుంది. ఇక విదేశీ డబ్బాల మీద "రోడ్డు ఉప్పు నుంచి రక్షణ" అని గొప్పగా ఉంటుంది. మంచు దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక అక్కడ ఆ రక్షణ కావాలి. సంతల్లో ఉప్పు కోసం సారపప్పును సరితూచి ఇచ్చిన చరిత్ర ఉన్న బస్తర్‌లో ఆ మాట చూసి డబ్బు చెల్లించడం ఏం తెలివో!

"మరి మన ఢిల్లీ ఇనుప స్తంభం?" అని ఎవరో అడుగుతారని తెలుసు. సుమారు 1600 ఏళ్లు అది నిలవడానికి ఆ ఇనుములోని భాస్వరం, దానివల్ల పైన ఏర్పడిన రక్షణ పొర ముఖ్య కారణం. ఎవరో వారం వారం డీజిల్ కొట్టి నిలబెట్టింది కాదు. అంత దూరం ఎందుకు, కొండగావ్ లోహారుల్ని చూడండి. ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీసి జింకల్నీ దీపపు సెమ్మెల్నీ చేసే ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తయారీలో చివరి మెట్టుగా వార్నిష్ వేసి బయటికి పంపుతారు. తుప్పు పట్టాక పూత వేయడం అనే విద్య వాళ్ల దగ్గర లేదు.

బోల్టు విషయంలోనూ అంతే, చేయాల్సింది బిగించే రోజునే. మరలు వైర్ బ్రష్షుతో శుభ్రం చేసి, రాగి లేదా నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు పల్చగా రాసి, కంపెనీ చెప్పిన బిగువుకు కొంచెం తక్కువగా బిగించాలి. పేస్టు వల్ల రాపిడి తగ్గుతుంది కనుక పాత లెక్కకు బిగిస్తే ఎక్కువైపోతుంది. దొరికితే ఇత్తడి నట్లు వేయించాలి. ఏటా వానలకు ముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి విప్పి చూసి మళ్లీ బిగించాలి. బండి కడిగాక నూనె కాదు, ఇరవై నిమిషాల సవారీ కావాలి.

ఇది మెకానిక్‌లకు తెలియదని నేననను. చాలామందికి తెలుసు. కానీ మర లోపల రాసిన పేస్టు కనబడదు. కనబడనిదానికి మనం డబ్బులివ్వం, మెరుపుకు అడిగినంతా ఇస్తాం. ఇల్లలకగానే పండగ కాదని తెలిసిన జాతి బండి దగ్గరికొచ్చేసరికి అలుకుడునే పండగ చేసుకుంది. ఈసారి డీజిల్ గన్ మీ బండి వైపు తిరిగితే వద్దనండి. సైలెన్సర్ విప్పిన రోజు మాత్రం పక్కనే నిలబడి పేస్టు రాయించండి, దానికి విడిగా కూలి కూడా ఇవ్వండి.