ఒక గోప్యతంతి ఆత్మకథ

1997వ సంవత్సరమున, ఆసియాఖండములోని ఒకానొక రాజధానియందు, రాత్రి విందునుండి అప్పుడే మరలివచ్చి, టై వదులు చేసికొని, కంప్యూటరు ముందు కూర్చుండిన ఒక యువ అమెరికా దౌత్యాధికారి చేతిమీదుగా నేను జన్మించితిని. ఆ రాజధాని పేరు చెప్పరాదు. ఏల చెప్పరాదో ముందు మీకే తెలియగలదు. నన్ను వ్రాసినది అతడే యైనను నా అడుగున నిలిచినది రాయబారి యింటిపేరు. అది మా కులాచారము. నా అక్షరములన్నియు ఇంగ్లీషు పెద్ద అక్షరములే యగుటచేత, చదువువానికి ఆద్యంతము ఎవరో కేకలు వేయుచున్నట్లు తోచును.

మా వంశమున మహనీయులు లేకపోలేదు. 1946 ఫిబ్రవరి 22న మాస్కోనుండి అమెరికా దౌత్యాధికారి జార్జి కెన్నన్ పంపిన 'దీర్ఘతంతి' అయిదువేల మాటలకు పైబడినదయ్యును, వాషింగ్టనులోని పెద్దలు దానిని శ్రద్ధతో చదివిరి. సోవియట్ దేశముపట్ల అమెరికా అవలంబించిన నీతికి అది పునాదులలో ఒకటి యయ్యెను. నాకట్టి యోగము పట్టలేదు. నా రెండవ పేరాలోని వార్త ఆనాటి ఉదయమే ఆ నగరపు పత్రికలలో అచ్చుపడియుండెను; అయినను నా నెత్తిన 'గోప్యము' అను ముద్ర పడెను. టీకొట్టు బల్లమీద నలుగురు చదివి పారవేసిన సంగతిని నేను పాతికేండ్లు కడుపున దాచుకొనవలసివచ్చె నన్నమాట! నిజముగా దాచదగినది నాలుగవ పేరాయందున్నది: విందులో మెల్లగా చెవిలో మాట చెప్పిన ఒక పెద్దమనిషి పేరును, దాని ప్రక్కనే కుండలీకరణములలో 'కాపాడవలెను' అను హెచ్చరికయు.

వాషింగ్టను చేరి ప్రతులుగా అచ్చయితిని. నన్ను అందుకొన్న అధికారి శీర్షికవరకు చదివి, అంచున పొడి అక్షరములు గీకి, ప్రక్కకు నెట్టెను. వారము తిరుగకమునుపే నా ప్రతులు, కాల్చివేయవలసిన కాగితములను వేయు ఎఱ్ఱచారల సంచిలో, ఎవరివో చిత్తుకాగితములతో కలసి కూరబడెను. కాలిన ప్రతికి బాధయైనను తీరును. నా మూలప్రతి మాత్రము దస్తరములలో చావక బ్రతుకక మిగిలెను. నన్ను కన్నవాడు దేశాంతరమునకు బదిలీయై పోయి, ఒక్కనాడైనను నా క్షేమమడిగినవాడు కాడు. అడుగునని చిరకాలము ఎదురుచూచితిని. పిదప ఆ యాశయు విడిచితిని.

ఇరువదియైదేండ్లు నిండిన గోప్యపత్రములను, మినహాయింపు లేనిచో, విడుదల చేయవలెనని 2009లో అధ్యక్షుడు ఒబామా జారీచేసిన ఉత్తర్వు విధించుచున్నది. విదేశాంగశాఖయందు ఆ పరీక్షకు కూర్చుండువారు పెక్కురు విశ్రాంత దౌత్యాధికారులు. తంతులు మాత్రము ఏటేటా వేలకు వేలుగా వచ్చిపడును. అందుచేత 2022 అక్టోబరు మొదలు 2023 జనవరివరకు, 1997నాటి తంతులమీద, కృత్రిమ మేధను ప్రయోగించి చూచిరి. 2020, 2021 సంవత్సరములలో పరీక్షకులు వేనిని విడిచిరో వేనిని పట్టియుంచిరో యంత్రమునకు ముందుగా నేర్పిరి. అది ఆ వృద్ధుల తీర్పులను నూటికి 97 మొదలు 99 వంతులవరకు సరిగా ఊహింపగలిగెను.

ఆవిధముగా నన్ను మొదటి అక్షరమునుండి తుది అక్షరమువరకు చదివిన మొట్టమొదటి పాఠకుడు యంత్రమే! పొంగిపోయితిని, కాని దానికి నా కథతో పని లేదు. నా పోలికలు విడిచినవానితో కలియునా, పట్టియుంచినవానితో కలియునా యన్నదే దాని విచారము. నాలుగవ పేరాకడ తేల్చుకొనలేక, నన్ను మనుష్యులు చూడవలసిన కుప్పలో వేసెను. నాకు దానిపై కోపము లేదు. ఆ పెద్దమనిషి బ్రతికియున్నాడో లేదో, పేరు బయటపడినచో అతని బిడ్డలకేమగునో యంత్రమెట్లెరుగును? ఎరుగనిదానిని ఎరిగినట్లు నటింపకుండుట, నాకు తెలిసిన పలువురు అధికారులకు లేని గుణము. కళ్లజోడు సవరించుకొనుచు నన్ను చదివిన ముసలి పరీక్షకుడు రెండవ పేరాకు పకపక నవ్వెను. నాలుగవదానిని, ఆ పెద్దమనిషిని పోల్చుకొనుటకు వీలిచ్చు గుర్తులన్నిటిని, రాజధాని పేరుతో సహా, మూసివేసెను.

ఇప్పటి దౌత్యాధికారులకు 2024 నుండి స్టేట్‌చాట్ అను సొంత సాధనము కలదట. అది దీర్ఘపత్రములకు సారాంశము తీయును, చిత్తుప్రతులు కూర్చును, పరభాషలోని వ్రాతలను అనువదించును. పని భారము తగ్గుట మంచిదే, కాదనను. అయినను శీర్షిక చూచి నన్ను నెట్టివేసిన ఆనాటి అధికారికిని, సారాంశము చూచి మా పిల్లలను నెట్టివేయు నేటి అధికారికిని గల భేదమెంతయో నాకు బోధపడలేదు. విందులో ఆ పెద్దమనిషి మాట చెప్పుటకు ముందు ఎంతసేపు తటపటాయించెనో నాలో ఒక వాక్యమున్నది. ఏ సారాంశమును అట్టి వాక్యమును మిగుల్చదు.

ఆ వాక్యము ఇంకను మూసిన పేరాలోనే యున్నది. తక్కిన పేరాలను ఇప్పుడు ఎవరైనను చదువవచ్చును. చదువదలచినవారు దయచేసి సారాంశమడుగక నన్నే చదువుడు.